ఖాళీ మేకులు

మొన్న పొద్దున తలుపు తీసేసరికి పై అంతస్తు కుర్రాడు జిలేబీ పొట్లంతో నిలబడి ఉన్నాడు. "తోండ్ గోడ్ కరా కాకా" అన్నాడు మరాఠీలో. నోరు తీపి చేసుకోమని. పెళ్లి కుదిరిందా, కొడుకు పుట్టాడా అని అడిగాను. నవ్వి ఫోను చూపించాడు. ఎక్కడో యుద్ధంలో ఒక ఊరు తగలబడిపోతోంది. ఆ మంటలకు ఎవరో డోలు దరువు కలిపారు. ఆ ఊళ్లో ఎవరు ఎవరిని వెతుక్కుంటున్నారో ఆ దరువులో వినపడదు. ఊరు కాలితే మిఠాయి పంచే రోజులు మళ్లీ వచ్చాయని నాకు ఒళ్లు మండింది.

మండింది కానీ పొట్లం తీసుకున్నాను. థాంక్స్ కూడా చెప్పాను. తలుపు వేసుకున్నాక ఆ వేడి పాకం వాసన భరించలేక పొట్లం విప్పకుండానే గూట్లో పెట్టేశాను.

ఆ మధ్యాహ్నమే నలుగురైదుగురు పిల్లలు మా ఇంటికి వచ్చారు. కాలేజీ పిల్లలు. యుద్ధం వద్దని చేత్తో గీసిన పోస్టర్లు పట్టుకుని చౌకులో, నాలుగు రోడ్ల కూడలిలో, నిలబడితే ఎవరో వచ్చి చింపేశారట. ఆదివారం మళ్లీ నిలబడతారట. వాళ్లలో ఒక అబ్బాయిది మా లాల్‌పేట్ బొగ్గు గని లైన్లే.

"తాతా, మీరు రావాలె. మా బాపు చెప్పిండు మీ సంగతి. చిన్నప్పుడే సాబుల ముక్కు కింద నుంచి పోస్టర్ చౌకుదాంక తీస్కపోయిన్రట గద!"

నా ఫొటో వేసి ఒక పోస్టర్ కూడా చేసుకొచ్చారు. నేను అవునని అనలేదు, కాదని అనలేదు. చిన్నగా నవ్వాను. జీవితమంతా ఆ నవ్వుతోనే నెట్టుకొచ్చాను. యూనియన్ మీటింగుల్లో దండ వేసినప్పుడు అదే నవ్వు, రిటైరైన రోజున శాలువా కప్పినప్పుడూ అదే నవ్వు. ఇప్పుడు రాస్తున్నది ఆ నవ్వు వెనకున్న సంగతి.

*

మా చిన్నప్పుడు బొగ్గు గని లైన్లలో ప్రతి ఇంటి ముందూ ఒక సిగిడి ఉండేది. పాత డబ్బాకు మట్టి మెత్తి చేసిన బొగ్గుల పొయ్యి. సాయంత్రం షిఫ్టు దిగే వేళకు ఆడవాళ్లంతా వాటిని వాకిట్లోకి తెచ్చి అంటించేవాళ్లు. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా పొగ లేచి పెంకుల మీద దుప్పటిలా పరుచుకునేది. కళ్లు మండేవి, గొంతు గీరేది. ఆ పొగలోనే జొన్నరొట్టెల వాసన, ఎండుమిరపకాయలు కాల్చి పిసికిన పచ్చిపులుసు వాసన. ఎవరింట్లో ఆ పూట కూర ఉందో, ఎవరింట్లో వట్టి కారమో వీధి చివర నిలబడి చెప్పేవాళ్లం.

గనిలో దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిల్ల ఉండేది, దాని మీద అతని నంబరు. ల్యాంపు రూంలో పెద్ద చెక్క బోర్డు, దానికి వరసగా మేకులు. లోపలికి పోయేటప్పుడు తన బిల్ల తీసుకుని పోవాలి. పైకి వచ్చాక మళ్లీ మేకుకు తగిలించాలి. షిఫ్టు అయిపోయాక ఏదైనా మేకు ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. చదువు రాని వాళ్లు కూడా ఆ బోర్డును చదివేవాళ్లు. ప్రమాదం సైరన్ మోగితే ఆడవాళ్లు గని ముఖద్వారం దగ్గరికి కాదు, ఆ బోర్డు దగ్గరికి పరుగెత్తేవాళ్లు.

మా లైన్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు. ఏ ఒక్క బిల్ల తిరిగి రాకపోయినా ఆ పూట ఏ ఇంట్లోనూ సిగిడి వెలగదు. తెలుగువాళ్లం, మరాఠీవాళ్లు, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చినవాళ్లు, ఏసును నమ్మినవాళ్లు, అందరిదీ అదే పద్ధతి. పిల్లలు ఏడ్చినా సరే, నీళ్లు తాగించి పడుకోబెట్టేవాళ్లు. పైకి రావలసినవాడు వచ్చేదాకా అన్నం ముట్టకూడదు, అంతే.

*

మా పక్కింటి అత్తకు ఒక్కడే కొడుకు. వరసకు నాకు బావ. ఇద్దరి ఇళ్లకూ నడుమ ఒకటే గోడ. ఆ గోడలో ఒక ఇటుక ఊడబీకి అవతల నుంచి నాకు వేయించిన పల్లీలు అందించేవాడు. తన కాకీ నిక్కరు నాకు ఇచ్చాడు. పెద్ద జేబులున్న నిక్కరు, అందులో గోలీలు గలగలలాడేవి. అత్త భర్త పైకప్పు కూలి గనిలోనే పోయాడు. అందుకే కొడుకును గనిలో దిగనివ్వనని ఒట్టు పెట్టుకుంది. బావ పటాలంలో చేరాడు. మిలిటరీని మా దగ్గర పటాలం అనేవాళ్లు.

"భూమి లోపల కాదు గద, పైన్నే ఉంటడు. ఎండల ఉంటడు. సాలు" అనేది అత్త.

తర్వాత యుద్ధం వచ్చింది. ఏ యుద్ధమని అడగకండి. మాకు తెలిసినంతవరకు అన్నీ ఒకేలా వస్తాయి. కిటికీలకు నల్ల కాగితాలు, రేడియో చుట్టూ జనం, గనిలో డబుల్ షిఫ్టులు. మిలిటరీ నుంచి అత్తకు ఒక తంతి వచ్చింది. కొడుకు ఆచూకీ తెలియడం లేదని. చచ్చిపోయాడని కాదు, బతికి ఉన్నాడనీ కాదు.

తర్వాత కొద్ది రోజులకే రేడియోలో గెలిచామన్నారు. కంపెనీ జీపు వచ్చి లైన్లన్నీ తిరిగి బూందీ పంచింది. ఎవరో డప్పు తెచ్చారు. అమ్మను అవ్వ, నాన్నను బాపు అనేవాళ్లం. మా అవ్వ కూడా బూందీ తీసుకుంది. సిగిడి వెలిగించింది. అందరూ వెలిగించారు. పొగ ఎప్పటిలాగే లేచింది.

అత్త తలుపు తీసుకుని బయటికి వచ్చింది. నెత్తికి నూనె లేదు, కొంగు నేల మీద ఈడుస్తోంది.

"ఎట్ల పెట్టిన్రే పొయ్యిలు?" అని అరిచింది. "నా పోరని బిల్ల వచ్చిందా? ఎవలన్న చూసిన్రా? గనిల పోతే మీకు పొయ్యి ఒద్దు, తుపాకి గోలీలల్ల పోతే మీకు బూందీ తియ్యగున్నదా?"

డప్పు ఆగిపోయింది. మా అవ్వ బిందె దగ్గరికి పోయింది. చెంబెడు నీళ్లు తెచ్చి మా సిగిడి మీద పోసింది. బుస్సుమని ఆవిరి లేచింది. మిగతావాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని లోపలికి పోయారు. ఆ పూటకు అంతే.

*

మా లైన్లో ఒక పెయింటర్ కాక ఉండేవాడు. క్రిస్మస్‌కు వెదురు పుల్లలతో చుక్కలు కట్టేవాడు. గనిలో బొగ్గు మోసే టబ్బుల మీద నంబర్లు, 'ప్రమాదం' బోర్డులు రాయడం ఉద్యోగం. నాకు అక్షరాలు రాయడం నేర్పింది ఆయనే. "అక్షరం నిలవడాలె రా, తాగినోని లెక్క ఊగొద్దు" అనేవాడు. ఆయన మాత్రం ఆదివారం ప్రార్థనకు ముందు రోజు కొంచెం ఊగేవాడు. అది వేరే సంగతి.

అత్త అరిచిన మరునాడు కాక ఆమె గడపలో కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. ఆ వారమే బల్లార్‌పూర్ కాగితం మిల్లులో పనిచేసే ఆయన తోడల్లుడు పనికిరాదని తీసేసిన పలచటి కాగితం చుట్ట ఒకటి తెచ్చాడు. కందిలి చిమ్నీల్లోని మసి లైనంతా తిరిగి మేమే గీకి తెచ్చాం. వానకు కరగకుండా కాక దాన్ని అవిసె నూనెలో నూరాడు. అవ్వావాళ్లు మైదా ఉడికించి లై కాచారు. మైలుతుత్తం కలపకముందే మేం పిల్లలం ఆ లైని బెల్లంతో నాకేసి తిట్లు తిన్నాం.

"ఇంగ నాకుర్రి, పేగులు గోడకు అంటుకుంటయ్" అని అత్త అంది. తంతి వచ్చాక ఆమె నోట అలాంటి మాట రావడం అదే మొదలు.

బొమ్మ ఏమిటంటే ల్యాంపు రూం బోర్డే. వరసగా మేకులు. కొన్నిటికి బిల్లలు, చాలా వాటికి లేవు. మేకులు పెట్టింది ఆడవాళ్లు. ముగ్గుకు చుక్కలు పెట్టే చేతులు కదా, గీత కొట్టకుండానే వరస తప్పలేదు. పైన ఒకే మాట, తెలుగులోనూ మరాఠీలోనూ: 'అందరు పైకొచ్చినంకనే పండుగ.'

అయితే కాక ఒక్క బోర్డుతో ఆగలేదు. పక్కనే ఇంకో బోర్డు గీశాడు. దానికీ ఖాళీ మేకులే.

"గిదేంది?" అన్నాడు మా బాపు.

"అటు దిక్కోళ్లది" అన్నాడు కాక.

"నీకేమన్న పిచ్చా? దుష్మన్ల బోర్డు మన గోడకు పెడ్తవా? పోలీసోళ్లు బొక్కలిరగ్గొడ్తరు."

"గాళ్ల బిల్లలు గుడ రాలే గద అన్నా."

మాటా మాటా పెరిగింది. సగంమంది రెండో బోర్డు చెరిపెయ్యమన్నారు. కాక కుంచె కింద పెట్టేసి అత్త వైపు చూశాడు. అత్త చేతిలో చుక్కలు పెట్టే పుల్ల ఉంది.

"ఉండనియ్యిర్రి" అంది. "ఆడ గుడ ఎవతో ఒకతి గడపల కూసొని ఉంటది, నా లెక్కనే."

ఆ తర్వాత ఎవరూ చెరిపెయ్యమనలేదు. బాపు కూడా చీపురు తీసుకుని గోడ దులిపాడు. ఆ సాయంత్రం ప్రతి ఇంటి ముందు గోడకూ ఒక పోస్టర్ అంటించారు. లై చాలక అంచులకు మాత్రమే పూశారు.

ఇన్నేళ్లలో ఎన్నో పెద్ద పెద్ద ఉపన్యాసాలు విన్నాను. యుద్ధం గురించి ఆ ఒక్క మాటకు సమానమైన మాట నాకు ఎక్కడా వినపడలేదు. అది అన్న మనిషికి నేనేం చేశానో ఇప్పుడు చెప్పాలి.

*

మరునాడు బడిలో మా గురుజీ క్లాసు మధ్యలో నన్ను నిలబెట్టాడు. మా లైను గద్దార్ల లైనట, దేశద్రోహులమట. పిల్లలంతా నవ్వారు. ఆయన నన్ను బయటికి పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. ఎల్లుండి విజయ యాత్ర ఉంది, గని పెద్ద సాబులంతా చౌకులో ఉంటారు, నీ రాత బాగుంటుంది, ప్లకార్డులు నువ్వే రాయాలి, అందరికంటే ముందు నువ్వే నడవాలి అన్నాడు. కాగితం కొరతగా ఉంది కాబట్టి మీ లైన్ గోడల మీదున్న ఆ చెత్త ఊడదీసి తీసుకురా, వెనక వైపు తెల్లగానే ఉంటుంది కదా అన్నాడు.

నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. అందరికంటే ముందు నడవొచ్చన్నాడు, అంతే. నాకు అది చాలింది.

యాత్ర రోజున ఇంకా తెల్లవారుతుండగా మంచుకు లై మెత్తబడి ఉంది. అంచు పట్టి లాగితే పోస్టర్లు అరటాకుల్లా వచ్చేశాయి. మా ఇంటిది తీశాను. అత్త ఇంటిది కూడా తీశాను. లోపల ఆమె దగ్గు వినపడుతూనే ఉంది. బడి వరండా నీడలో కూర్చుని వెనక వైపు జాజుతో ఎర్రగా 'విజయ్' అని రాశాను. కాక నేర్పిన అక్షరాలే. ఒక్కటి కూడా ఊగలేదు. వెదురు బద్దలకు కట్టి తలా ఒకటి ఇచ్చాం. బయల్దేరే ముందు గురుజీ జిలేబీలు పంచాడు. నాకు రెండు పెట్టాడు. తర్వాత తిందామని బావ ఇచ్చిన నిక్కరు జేబులో వేసుకున్నాను.

ఎర్ర అక్షరాలు ముందుకు. బొమ్మ నా ముఖం వైపు. నడిచినంతసేపూ నాకు కనపడింది ఆ రెండు బోర్డులే. నాకు తప్ప ఎవరికీ కనపడవులే అనుకున్నాను.

నూనె సంగతి నాకు తట్టలేదు. పలచటి కాగితం, దానికి నూనె మసి. నీడలో ఏమీ తెలియలేదు. మా లైను మలుపు తిరిగేసరికి ఎండ వెనక నుంచి పడింది. ఎదురుగా ఉన్నవాళ్లకు 'విజయ్' అనే ఎర్ర మాట వెనక నల్లగా మేకులు లేచాయి. ప్రతి కాగితం మీదా. వరసలు వరసలుగా ఖాళీ మేకులు.

నేను జై కొడుతున్నాను. వాకిళ్లలో ఆడవాళ్లు లేచి నిలబడుతున్నారు. జై కొట్టడానికే అనుకున్నాను. అత్త రోడ్డు మీదికి వచ్చింది. నా చేతిలో కాగితాన్ని చూసింది. నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. "మంచి పని చేసినవ్ కొడుకా" అని నా తల నిమిరి పక్కన నడవసాగింది. వెనక మా అవ్వ వచ్చింది. చంకలో పిల్లలతో, చేతిలో గరిటెలతో లైన్లోని ఆడవాళ్లంతా వచ్చారు. ఒక్కరూ నోరు విప్పలేదు. జై కొడుతున్న పిల్లల గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చౌకు చేరేసరికి చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు సాబు చూశాడు. తర్వాత గురుజీ చూశాడు.

ఎవడి పని ఇది అని సాబు అరిచాడు. జనం వెనక నుంచి పెయింటర్ కాక ముందుకు వచ్చాడు.

"నాదే సాబ్. మసి నాదే, చెయ్యి నాదే."

పిల్లలకు ఎవరిచ్చారని అడిగాడు సాబు.

కాక నా వైపు చూడను కూడా చూడలేదు. "నేనే ఇచ్చిన" అన్నాడు.

*

ఆ సాయంత్రం మా లైన్లో సిగిడి వెలగలేదు. మా ఒక్క లైనే కాదు, కనుచూపు మేరలో ఏ లైన్లోనూ వెలగలేదు. అటు మరాఠీవాళ్ల లైను, గుట్ట పక్క లైను, అన్నీ. పెంకుల మీద ఆకాశం అంత శుభ్రంగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. సాబుల బంగళాల వాళ్లు వరండాల్లోకి వచ్చి పొగ లేని కాలనీని చూశారట. షిఫ్టు దిగిన మగవాళ్లు మసి కూడా కడుక్కోకుండా వాకిళ్లలో కూర్చున్నారు. అత్త తన గడపలో కూర్చుంది. ఆ పూట ఆమె కొడుకు మా అందరికీ కొడుకు. అటు దిక్కున గడపలో కూర్చున్నావిడ కొడుకు కూడా.

నేను బొగ్గు కుప్ప వెనక్కి పోయి జేబులోంచి జిలేబీలు తీశాను. నలిగి, నిక్కరు దారాలు అంటుకుని ఉన్నాయి. రెండూ తినేశాను. ఆ పూట లైన్లన్నిటిలో తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

కాకను పనిలోంచి తీసేశారు. క్వార్టరు ఖాళీ చేయమన్నారు. విరూర్ దగ్గర ఆయన చెల్లెలు ఉండేది. వెళ్లే రోజున లైనంతా కదిలి వచ్చి సామాను మోసింది. ఒకరు రొట్టెలు కట్టారు, ఒకరు కోడిపెట్టను బుట్టలో పెట్టి ఇచ్చారు. రంగు డబ్బా స్టేషన్ దాకా నేను మోశాను. మోస్తే ఏదో తీరుతుందనుకున్నాను. రైలు ఎక్కేముందు కాక డబ్బా అందుకుంటూ, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు:

"అక్షరాలు మంచిగ కుదిరినయ్ రా."

నేను ఆయన్ని మళ్లీ చూడలేదు. వెతకలేదు కూడా. విరూర్ ఎంత దూరమని!

కాకా, నేనూ కలిసి సాబుల కళ్లు కప్పామని లైన్లో కథ పుట్టింది. అందులో నేను వీరుణ్ణి. ఆ కథ నన్ను యూనియన్లోకి తీసుకుపోయింది, వేదికల మీద కూర్చోబెట్టింది. అత్త బతికున్నంత కాలం ప్రతి పండక్కీ నాకు మొదటి గారె పెట్టింది. బావ రాలేదు. నేను ఆ గారెలు తిన్నాను.

*

ఇవాళ ఆదివారం, చౌకుకు పోయాను. నాకు మైకు ఇచ్చారు. ఇప్పుడు మీకు రాసిందంతా చెప్పాను, జిలేబీ సంగతితో సహా. పాన్ ఠేలా బండి దగ్గర నిలబడ్డ వాళ్లు నవ్వారు. నన్ను పిలిచిన అబ్బాయి ముఖం వాడిపోయింది.

"గిది ఇప్పుడెందుకు చెప్పిన్రు తాతా?"

"ఇంక ఎప్పుడు చెప్పాలె బిడ్డా?" అన్నాను.

వాళ్లలో ఒక అమ్మాయి నా ఫొటో ఉన్న పోస్టర్ తీసి, తిరగేసి, నా ముందు పరిచింది. "పెయింటర్ తాత బొమ్మ ఎట్లుండె? గీసి చూపియ్యున్రి" అంది. గీశాను. గీత ఊగింది. రెండో బోర్డు గీస్తుంటే పాన్ ఠేలా వైపు నుంచి ఎవరో "గద్దార్" అన్నారు. చిన్నప్పుడు బడిలో విన్న అదే మాట, అదే తీరు గొంతు. ఆ అమ్మాయి తల ఎత్తకుండా మేకులకు చుక్కలు పెట్టుకుంటూ పోయింది.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గ్యాసు పొయ్యి దగ్గర ఉంది. ఆమెదీ మా లైనే. జరిగింది చెప్పాను. ఆశ్చర్యపోలేదు.

"నాకెర్కనే" అంది. "నీ లాగు జేబుకు చీమలు పట్టినయని మీ అవ్వ నాకెప్పుడో చెప్పింది."

అవ్వకు తెలుసన్నమాట. తెలిసీ, పోయేదాకా నన్ను ఒక్క మాట అనలేదు.

మొన్నటి జిలేబీ పొట్లం అలాగే గూట్లో ఉంది, దారం కూడా విప్పలేదు. మా ఆవిడ దాన్ని తీసుకుని పైకి పోయి తిరిగి ఇచ్చేసి వచ్చింది. వచ్చి గ్యాసు ఆపేసింది.

"ఈ పూట వద్దు తియ్యి" అంది.

ఇద్దరం నీళ్లు తాగి బాల్కనీలో కూర్చున్నాం. లాల్‌పేట్ వైపు ఆకాశం శుభ్రంగా ఉంది. దానికేమీ అర్థం లేదు. ఇప్పుడు అందరివీ గ్యాసు పొయ్యిలే. వెలిగించినా పొగ రాదు, ఆర్పేసినా ఎవరికీ తెలియదు. పై అంతస్తులో టీవీలో ఇంకా డోలు మోగుతూనే ఉంది. ఇవాళ మా ఇంట్లో పొయ్యి వెలగలేదని చెప్పడానికి నాకు ఇలా రాయడం తప్ప వేరే దారి లేకపోయింది.